ఒక్క చుక్క కూడా లేదు

“మళ్ళీ మొదలెట్టాడే” అంది అమ్మ గుమ్మంలోంచి.

మరకలమ్మాయి కళ్ళు తెరవలేదు. గోడకి చేరగిలబడి కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. జాకెట్టు హుక్కులు పెట్టుకుంటున్న చెయ్యి మాత్రం సగంలో ఆగిపోయింది.

“ఇప్పుడే కదమ్మా తాగాడు.”

“తాగాడో, ఊరికే నోట్లో పెట్టుకుని పడుకున్నాడో.”

“తాగాడు.”

“అయితే ఎందుకేడుస్తున్నాడు?”

ఆ ప్రశ్నకి జవాబు ఆ ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. జవాబు దొరకని ప్రశ్నని తలా ఒకసారి తెచ్చి బాలింత ఒళ్ళో పడేసి పోతున్నారు.

బట్టల బుట్టలో మెత్తటి తువ్వాళ్ళు పరిచి పడుకోబెట్టిన ఆకలిరాయుడు రెండు పిడికిళ్ళూ నోట్లో కుక్కుకుని, అవి పాలివ్వడం లేదని గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆకలిరాయుడన్నది తండ్రి పెట్టిన పేరు. అసలు పేరు ఏం పెట్టాలో కూర్చుని ఆలోచించుకునే తీరిక వాడు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

ఆమె లేచి వాణ్ణి తీసుకుని మళ్ళీ అదే గోడకి చేరగిలబడింది. పెట్టుకున్న హుక్కులు మళ్ళీ విప్పింది. వాడు ఆబగా అందుకున్నాడు. నాలుగు గుక్కలు లాగాడు. వదిలేసి, ఎవరో మోసం చేసినట్టు మొహం ఎర్రగా చేసుకుని అరిచాడు.

పొద్దున్న పిల్లల ఆసుపత్రిలో జరిగింది ఇంకా ఆమె చెవుల్లో మోగుతోంది. పిల్లల్ని తూచే నర్సు వాణ్ణి తూకంలో పడుకోబెట్టి చూసింది. తీసి, మళ్ళీ పడుకోబెట్టి చూసింది. పెదవి విరిచింది.

“పోయిన వారం ఎంతో ఇప్పుడూ అంతే. గుడ్డలు బాగా తడుపుతున్నాడంటున్నావు. రోజంతా రొమ్ము దగ్గరే ఉంటాడంటున్నావు. మరి తాగిందంతా ఎక్కడికి పోతోందమ్మా?” అని, గొంతు తగ్గించి, “పైపాలు ఏమైనా పడుతున్నారా?” అని అడిగింది.

“లేదు. ఒక్క చుక్క కూడా లేదు.”

ఆ మాట ఎంత గట్టిగా అందంటే, వరసలో కూర్చున్న తల్లులందరూ తలలు తిప్పి చూశారు. నర్సు మాత్రం చూడలేదు. “అయితే రేపు రా. డాక్టరుగారు చూస్తారు. నీ పాలు చాలడం లేదేమో” అంటూనే తరవాతి పిల్లని ఎత్తుకుంది.

‘ఏమో’ అని నర్సు అయినా అంది. ఇంటికొచ్చేసరికి అమ్మ ఆ కాస్త ‘ఏమో’ కూడా తీసేసింది.

“డబ్బాపాలు తాగి పెరిగినవాళ్ళు మనుషులు కారా?” అంది ఇప్పుడు మంచం అంచు మీద కూర్చుంటూ.

“కారని నేనన్నానా?”

“మరేమిటే నీ పట్టుదల? కళ్ళు చూసుకున్నావా, ఎలా లోపలికి పోయాయో? నువ్వు నా కూతురివి. వాడి మొహం ఒక్కటే చూడమంటే నావల్ల కాదు.”

“నా పాలే పట్టాలని ఉందమ్మా. అంతే. తప్పా?”

అమ్మ లేచి కిటికీ రెక్క దగ్గరగా వేసింది. అక్కడ వెయ్యాల్సిన పనేమీ లేదు.

నిజానికి ఆమెకి ఉన్నది పట్టుదల కాదు. కడుపులో ఉన్నన్నాళ్ళూ వాణ్ణి ఎవరి సలహా లేకుండా తనే పెంచింది. బయటికి వచ్చినప్పటినుంచీ ప్రతి గుటకకీ ఒక పెద్దమనిషి. ఈ ఒక్క పనైనా తన ఒంటితో తను చెయ్యగలనని తెలుసుకోవాలి. రేపు ఆ డాక్టరు ‘చాలదు’ అని కాగితం మీద రాసేస్తే, ఇక అది తెలుసుకునే దారే ఉండదు.

గదిలో ఊపిరాడలేదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని మెట్లు దిగింది.

కింద దుకాణం. పైన కాపురం, కింద లాండ్రీ. మెట్ల మీదికే ఆవిరీ, సబ్బూ, వేడెక్కిన నూలు గుడ్డా కలిసిన వాసన కొడుతుంది. తీగల మీద కవర్లు తొడిగిన కోట్లు వరసగా వేలాడుతున్నాయి. పెద్ద బల్ల దగ్గర అత్తగారు ఒక తెల్లచొక్కా చెయ్యి మీద ఇస్త్రీపెట్టె నడిపిస్తోంది. పక్క బల్ల దగ్గర భర్త పిల్లాడి గుడ్డల కుప్ప ముందేసుకున్నాడు.

గల్లా అవతల ఒక ప్లీడరుగారు సిరామరక పడ్డ చొక్కా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమెని చూడగానే మొహం విప్పారింది.

“హమ్మయ్య, మరకలమ్మాయి దిగింది! ఇది నీవల్ల తప్ప కాదని మీ అత్తగారు చేతులెత్తేశారమ్మా.”

ఆ పేరు ఇలాంటివాళ్ళు పెట్టిందే. సిరా, తుప్పు, లిప్‌స్టిక్, మందుచుక్క, ఏ మరక దేనిదో చూడగానే చెప్పేది. పురిటికి ముందురోజు దాకా ఆ బల్ల ఆమెదే.

“పెట్టి వెళ్ళండి. చూస్తాను.”

“పిల్లాడికి ఆకలేస్తున్నట్టుందే?”

“అవునండీ. దారిన పోయేవాళ్ళు కూడా అదే చెబుతున్నారు.”

ప్లీడరు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేసి, వాయిదా గుర్తొచ్చినట్టు గబగబా వెళ్ళిపోయాడు.

ఆమె భర్త బల్ల వైపు తిరిగింది. అతను పిల్లాడి మూతి తుడిచే గుడ్డ ఒకటి పరిచి ఇస్త్రీపెట్టె ఆనించాడు. ఎత్తాడు. గుడ్డ మధ్యలో, ఇంతకుముందు లేని వలయం ఒకటి, అంచు గోధుమరంగులో, లోపల పసుపుపచ్చగా తేలింది.

“ఆపండి.”

“ఏమిటి?”

“ఆ గుడ్డ ఇలా ఇవ్వండి.”

అతను ఇవ్వలేదు. మడత పెట్టబోయాడు. ఆమె బిడ్డని ఒక చేత్తో అదిమిపట్టి, రెండో చేత్తో గుడ్డ లాక్కుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వేలితో ఆ వలయాన్ని రుద్దింది.

“ఇది ఏ మరక?”

“పాలమరకే. వాడు కక్కుంటాడు.”

“నా పాలమరక చన్నీళ్ళకే వదిలిపోతుంది. ఉతికాక కంటికి కనబడకుండా దాక్కుని, వేడి తగిలితే ఇలా పైకి రాదు. ఇది డబ్బాపాలు.”

పిల్లాడు, అదేం చిత్రమో, సరిగ్గా అప్పుడే ఊరుకున్నాడు.

అతను గుడ్డ వైపు చూశాడు. నేల వైపు చూశాడు. తరవాత, చూడకూడదనుకుంటూనే, తల్లి వైపు చూశాడు.

అత్తగారి ఇస్త్రీపెట్టె ఆ తెల్లచొక్కా చేతి మీదే తిరుగుతోంది. ఎప్పుడో నునుపయిన చెయ్యి అది.

“అత్తయ్యా, ఇది మీ పనేనా?”

ఇస్త్రీపెట్టె ఆగలేదు.

“మిమ్మల్నే. పొద్దున్న అంతమందిలో ఆ నర్సుకి ఒక్క చుక్క కూడా లేదని చెప్పొచ్చాను. మీరు నా పక్కనే కూర్చుని ఉన్నారు. సంచీ సర్దుకున్నారే గానీ నోరు మెదపలేదు. నా బిడ్డకి నాకు తెలియకుండా పట్టడానికి మీకు చేతులెలా వచ్చాయి? నా పాలు పనికిరావని నా మొహం మీద చెబితే ఏం పోయేది? కనీసం ఏడ్చి ఊరుకునేదాన్ని.”

“నెమ్మదిగా మాట్లాడు. గల్లా ముందు మనుషులు తిరుగుతుంటారు” అన్నాడు భర్త.

“తిరగనివ్వండి.”

అత్తగారు ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. చొక్కా మడత పెట్టింది. బొత్తాలు పైకి వచ్చేలా, కాలరు తీరుగా, ఎప్పటిలాగే.

“అవును. నేనే పట్టాను” అంది.

అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కోడలికి కావలసింది ఆ ఒక్క మాట కాదు. సంజాయిషీ కావాలి, దెబ్బలాట కావాలి. ఒప్పేసుకున్న మనిషితో ఎలా దెబ్బలాడతారు?

భర్త గొంతు సవరించుకున్నాడు. “అమ్మ ఒక్కతే కాదు.”

“అంటే?”

“నేను కూడా. అదీ... నువ్వు కూర్చునే నిద్రపోయావు ఒకరోజు. నీ తల వాడి మీదికి వాలిపోతోంది. తీసుకుని కిందికొచ్చాను. మంచినీళ్ళకని ఫ్రిజ్ తీస్తే వెనకాల సీసా కనబడింది. అమ్మదని అర్థమైంది. ఒక్కసారే కదా అనుకుని, ఆవిరిగొట్టం మీద పెట్టి వెచ్చచేసి పట్టాను.”

“ఒక్కసారేనా?”

“ఆ రోజు ఒక్కసారే.”

“తరవాతి రోజులు?”

అతను బల్ల మీద లేని దారప్పోగు ఒకటి ఏరాడు.

అత్తగారు కొడుకు వైపు తెల్లబోయి చూసింది. “నువ్వా? సీసా ఎందుకింత తొందరగా అయిపోతోందా అని నేను తల బద్దలు కొట్టుకుంటున్నాను. చూసుకోకుండా ఎక్కువ పట్టేస్తున్నానేమోనని భయపడి చచ్చాను కదరా!”

“అదంతా నేను కాదమ్మా. నేను పట్టింది కొంచెమే.”

“మరి మిగతాది?”

మెట్ల మీద అలికిడైంది. ముగ్గురూ తలెత్తారు. అమ్మ సగం మెట్ల దగ్గర, కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో.

“అమ్మా, నువ్వు కూడానా?”

“అల్లుడుగారు పడుతుంటే చూశానే” అంది అమ్మ. కొంగుతో మొహం తుడుచుకుంది. “కన్నతండ్రే పడుతున్నప్పుడు నాదేం పోయిందిలే అనుకున్నాను. నీకు చెబితే బాధపడతావని...”

“అందుకేనా పైన కూర్చుని, డబ్బాపాలు పట్టనివ్వమని నన్ను బతిమాలావు?”

“మరి దొంగతనంగా ఎన్నాళ్ళు పట్టను? నువ్వు సరే అంటే చక్కగా నీ ముందే పట్టొచ్చని.”

మరకలమ్మాయికి నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకుంటే ఆగలేదు. కన్నీళ్ళు కారేదాకా నవ్వింది. భుజం మీద పిల్లాడు ఆ కుదుపుకి ఎక్కిళ్ళు పెట్టాడు. మిగతా ముగ్గురూ తప్పు చేసి పట్టుబడ్డ పిల్లల్లా నిలబడి, ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తేల్చుకోలేక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“ఎంత మంచివాళ్ళు!” అంది చివరికి, చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. “ఒక్కళ్ళు కూడా నన్ను బాధపెట్టలేదు. వాడు నా దగ్గర ఎందుకు తాగడంలేదో, తాగీ తాగక ఎందుకు వదిలేస్తున్నాడో తెలియక, నా ఒంట్లోనే ఏదో లోపముందని రోజూ గోడకి తల ఆనించి కూర్చున్నాను. మీరు ముగ్గురూ తలా ఒకసారి లోపలికి తొంగిచూసి, ‘పాపం’ అన్నారు.”

భర్త బల్ల మీది స్విచ్ కట్టేశాడు. ఆవిరి చప్పుడు ఆగిపోయింది.

ఆమె పిల్లాణ్ణి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. అలా మారుస్తున్నప్పుడే చేతికి తెలిసింది. ఎంత తేలిక! ఆ తేలికే ఆమె కోపం కింద ఇంతసేపూ మెదులుతున్న అనుమానాన్ని పైకి తెచ్చింది.

“మీరు ముగ్గురూ పడుతున్నారు. నేనూ పడుతున్నాను. వాడు ఈపాటికి బంతిలా ఉండాలి కదా?”

“అదే నేనూ...” అని అమ్మ ఆగిపోయింది.

“అత్తయ్యా, ఆ పాలు ఎలా కలుపుతున్నారు?”

“ఎలా ఏముంది? శుభ్రంగానే. నీళ్ళు మరిగించి చల్లార్చి.”

“ఒకసారి కలపండి. నాకు చూపించండి.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

అత్తగారు వంగి, సబ్బుపొడి సంచుల వెనకనుంచి పాలడబ్బా తీసింది. అక్కడైతే తను తప్ప ఎవరూ చెయ్యి పెట్టరు. సీసా నిండా నీళ్ళు పోసింది. డబ్బాలో గరిటె ఉంది. దాన్ని నింపి, వేలితో సగం మళ్ళీ డబ్బాలోకే రాల్చేసి, మిగతా సగం సీసాలో వేసింది. ఇంకోసారి అలాగే. మూత బిగించి ఊపింది. చేతులు చూడముచ్చటగా కదిలాయి. ముప్ఫై ఏళ్ళుగా పొడులు నీళ్ళలో కలుపుతున్న చేతులు.

మరకలమ్మాయి సీసా అందుకుని ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుంది. సీసా అవతల ఉన్న తన వేళ్ళు మసకగా కనబడుతున్నాయి.

“ఇంతేనా?”

“ఇంతే.”

“డబ్బా మీద ఎంత వెయ్యమని ఉందో చూడలేదా?”

“చూశాను. చూడకేం?” మొదటిసారి అత్తగారి గొంతులో రోషం వినబడింది. “అది అమ్ముకునేవాళ్ళ లెక్క. సబ్బుపొడి సంచి మీదా నిండా వెయ్యమనే ఉంటుంది. మనం ఎప్పుడైనా నిండా వేశామా? సగం వేస్తే బట్ట తెల్లగా రావడం లేదూ? తొందరగా అయిపోవాలని రాస్తారు వాళ్ళు. పైగా పసిగుడ్డు. చిక్కగా పడితే అరగదని...”

మాట అక్కడ తెగిపోయింది. కోడలి మొహంలో కోపం లేదు. కోపం ఉండుంటే బాగుండేదేమో.

“అత్తయ్యా, వాడు ఇన్నాళ్ళూ నీళ్ళు తాగాడు.”

అమ్మ మెట్టు మీదే కూలబడింది.

“పొట్ట నిండుతుంది, ఆకలి తీరదు. నీళ్ళు కాబట్టి గుడ్డలు తడుపుతాడు. నిండిన పొట్టతో నా దగ్గరికొచ్చి నాలుగు గుక్కలు లాగి వదిలేస్తాడు. వాడు లాగకపోతే నాకు పాలెలా ఊరతాయి?” ఆమె ఇదంతా ఒక మరక గురించి చెబుతున్నంత మెల్లగా చెప్పింది. గొంతు పెంచే ఓపిక లేదు. “ఏడిస్తే మళ్ళీ మీ ముగ్గురిలో ఒకరు...”

అత్తగారు సీసాని కోడలి చేతిలోంచి తీసుకుంది. తనూ లైటుకి ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత బల్ల అంచు పట్టుకుంది.

“ఆసుపత్రిలో ఆ నర్సు ఇంకా ఉంటుందా?” అని అడిగింది కొడుకుని.

“సాయంత్రం దాకా ఉంటుంది.”

“బండి తియ్యి. నేనూ వస్తాను. ఆ నర్సుకి నేనే చెబుతాను.”

“మీరు రానక్కర్లేదు” అంది కోడలు.

“రావాలమ్మా” అంది అత్తగారు. ఆ ఇంట కాపురానికి వచ్చాక తనని ఆమె ‘అమ్మా’ అనడం ఇదే మొదటిసారని మరకలమ్మాయికి బట్టలబండి ఎక్కాక గానీ తట్టలేదు.

బండి వెనక వేలాడే కోట్ల మధ్య కూర్చుని వెళ్ళారు అత్తాకోడళ్ళిద్దరూ. అమ్మ దుకాణంలో ఉండిపోయింది. మలుపు వచ్చినప్పుడల్లా ఎవరిదో పెళ్ళికోటు చెయ్యి వచ్చి అత్తగారి చెంపకి తగులుతోంది. ఆమె దాన్ని తొలగించుకోలేదు.

నర్సు ఇంటికి వెళ్ళబోతూ చెప్పులు వేసుకుంటోంది. వాళ్ళని చూసి మళ్ళీ విప్పేసింది.

“పొద్దున్న మా అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. దానికి తెలియదు” అని మొదలుపెట్టింది అత్తగారు. సబ్బుపొడి లెక్కతో సహా, ఒక్క మాట దాచకుండా, కళ్ళు నేలకేసి చెప్పింది. దుకాణంలో కట్టుకునే ఏప్రన్ ఇంకా ఆమె నడుముకే ఉంది. దాని అంచు రెండు చేతులతో నలుపుతూ చెప్పింది.

నర్సు మధ్యలో ఒకటి రెండుసార్లు కళ్ళు మూసుకుంది. తిట్టలేదు. తిడితే ఇద్దరికీ కాస్త తేలికయ్యేది. పిల్లాణ్ణి తీసుకుని చర్మం చిటికెతో పట్టి చూసింది, మాడు తడిమింది, లోపల గదికి తీసుకెళ్ళి డ్యూటీలో ఉన్న డాక్టరుకి చూపించి వచ్చింది.

“నీరసపడ్డాడు. వేళకే తెచ్చారు. ఇవాళ ఇక్కడే ఉండాలి. ముందు నీ దగ్గర తాగాలి. ఆ తరవాత, సరిగ్గా కలిపిన పాలు, నేను కలిపినవే, నీ కళ్ళముందే గిన్నెతో పడతాం. ఒక్కసారిగా ఏదీ ఆపం. చాటుగా ఏదీ పట్టం. తల్లి ఒక్కతే లోపల ఉంటుంది.”

“సిస్టర్” అంది మరకలమ్మాయి. అడగడానికి భయం వేసింది. అడగకుండా ఉండడానికి ఇంకా భయం వేసింది. “నా పాలు చాలతాయా?”

“నాకేం తెలుసు?” అంది నర్సు విసుగు లేకుండానే. “పొద్దున్న తెలుసనుకున్నాను. నీకూ తెలియదు, వీళ్ళకీ తెలియదు. నీళ్ళతో నిండిన పొట్ట రొమ్ముని ఏం లాగుతుంది? ఇవాళ్టినుంచే తెలుస్తుంది.”

ఇన్నాళ్ళూ ఆమె కోరుకున్నది ఇదే. ఎవరూ అడ్డురాకుండా, ఎవరూ సాయం రాకుండా, తనూ వాడూ. ఇప్పుడు అదే ఎదురుగా వచ్చి కూర్చుంది. ఇంతవరకూ పాలు చాలకపోతే తప్పు మోపడానికి వాళ్ళు ముగ్గురూ ఉన్నారు. ఇక ఎవరూ లేరు.

నర్సు మంచం చుట్టూ తెర లాగేసి వెళ్ళింది. తెర కింది సందులోంచి అత్తగారి పాదాలు కనబడుతున్నాయి. కదలడం లేదు.

“అమ్మాయ్” అంది తెర అవతలనుంచి. “వరండాలో బల్ల ఉంది. నేను ఉండనా, పోనా?”

ఉండమనడానికి మనసు రాలేదు. పొమ్మనడానికి నోరు రాలేదు.

ఆమె హుక్కులు విప్పి పిల్లాణ్ణి దగ్గరికి తీసుకుంది. వాడు తడుముకున్నాడు. అందుకున్నాడు. ఒకసారి లాగాడు. ఇంకోసారి లాగి, ఆగాడు.

తెర కింద పాదాలు ఇంకా అక్కడే ఉన్నాయి. గుటక పడుతుందేమోనని ఆమె వాడి చిన్న గొంతుకేసే చూస్తూ ఉండిపోయింది.